గెలాక్సీ గ్రానైట్ గట్టు వెనక ఏ టైల్స్ వేయాలి? తిరుపతిలో ఒక షాపు, ఏడాది వాడాక నా అభిప్రాయం

పోయిన సంవత్సరం వంటిల్లు మళ్లీ చేయించుకున్నాం. గట్టు వెనక గోడకి టైల్స్ వేయించి ఇప్పటికి ఏడాది దాటింది. వేయించిన వారంలోనే రాసుంటే అంతా బాగుందనే రాసేదాన్ని, కొత్తలో ఏ టైలైనా బాగానే కనిపిస్తుంది కదా. తిరగవాతలు, పులుసులు, పసుపు చేతులు, బోరు నీళ్లు అన్నీ తగిలాక ఇప్పుడు రాస్తున్నాను. షాపు రేణిగుంట రోడ్డులో ఉంది. పేరు రాయడం లేదు, ఎందుకంటే వాళ్ల వైపు నుంచి జరిగిన ఒక పొరపాటు కూడా ఇందులో చెప్పాలి. చెప్పకుండా మంచి మాత్రమే రాస్తే చదివేవాళ్లకి ఉపయోగం లేదు, ఆ ఒక్కదానికి పేరు బయటపెట్టడమూ నాకు ఇష్టం లేదు.

మా వంటిల్లు ఎలా ఉంటుందో చెప్తేనే మిగతాది అర్థమవుతుంది. మేముండేది ఎమ్మార్ పల్లిలో. వంటిల్లు ఆగ్నేయం మూల. తూర్పు గోడకి 9 అడుగులు, దక్షిణం గోడకి 6 అడుగులు, ఎల్ ఆకారంలో గట్టు. తూర్పు ముఖంగా నిలబడి వండుకోవాలని కట్టించినప్పుడే మా మామ అలా పెట్టించారు. గట్టు మీద కిటికీ, దానికి కుడి పక్కన స్టవ్. గట్టు బండ బ్లాక్ గెలాక్సీ, ప్రకాశం జిల్లా చీమకుర్తి నుంచి వచ్చే రాయి, నల్లగా ఉండి లోపల సన్నగా బంగారు చుక్కలు మెరుస్తుంటాయే అది. పన్నెండేళ్లయినా దానికి ఏమీ కాలేదు కాబట్టి ముట్టుకోలేదు. కింద కడప బండలతో ఉన్న అరలు తీయించి షట్టర్లు పెట్టించాం. కింద వరుస టేకు రంగు లామినేట్, పై కప్‌బోర్డులు ఐవరీ. మధ్యలో మిగిలిన రెండడుగుల గోడ, దానికే ఈ కథంతా. బ్యాక్‌స్ప్లాష్ అని ఇంటర్నెట్‌లో వెతికితే బోలెడు ఫోటోలు వస్తాయి గానీ, ఇక్కడ షాపుకెళ్తే డాడో టైల్స్ అంటే చాలు, వెంటనే అర్థమవుతుంది.

మొదట నేను చేసిన తప్పు, ఫోన్లో పది ఫోటోలు దాచుకుని చేతులు ఊపుకుంటూ షాపులకి తిరగడం. రెండు ఆదివారాలు అలాగే పోయాయి. ఏ షాపుకెళ్లినా లైట్, డార్క్, హైలైటర్ అని మూడు కలిపిన సెట్టు చూపిస్తారు. కింద వరుస ముదురు రంగు, పైన లేత రంగు, మధ్యలో అక్కడక్కడా టీ కప్పులు, పండ్ల బుట్టలు, మిరపకాయల బొమ్మలున్న టైల్. మా అత్తకి పండ్ల బుట్ట బాగా నచ్చింది, "వంటింట్లో పండ్లుంటే కళగా ఉంటుంది కదమ్మా" అన్నారు. ఆమె మాటని నేను తేలిగ్గా తీసుకోలేదు, రోజూ పొద్దున ఐదింటికి ఆ గట్టు ముందు నిలబడేది ఆమే. కానీ మా గ్రానైట్‌లోనే చుక్కలున్నాయి, టేకు రంగు లామినేట్‌లో చెక్క గీతలున్నాయి, వీటి మధ్యలో ఇంకో బొమ్మ వస్తే కన్ను దేనిమీద నిలవాలి? బండలో డిజైన్ ఉంటే గోడ నెమ్మదిగా ఉండాలి, బండ ఒకే రంగులో సాదాగా ఉంటే గోడకి డిజైన్ ఇవ్వొచ్చు. ఇది నాకు నేనుగా తెలుసుకున్నది కాదు, ఈ రేణిగుంట రోడ్డు షాపులో ఒక పెద్దాయన చెప్పాడు.

ఆయన వల్లే ఈ షాపు గురించి రాయాలనిపించింది. మేం వెళ్లగానే టైల్స్ చూపించలేదు, "బండ ముక్క, షట్టర్ ముక్క తెచ్చుకున్నారా మేడమ్" అని అడిగాడు. లేవంటే, "అయితే ఈ రోజు ఊరికే చూసి పొండి, కొనొద్దు, రేపు అవి తీసుకుని రండి" అన్నాడు. బేరం కాకుండా కస్టమర్‌ని వెనక్కి పంపే షాపు నేను అంతకుముందు చూడలేదు. సింకు కోసం కోసినప్పుడు మిగిలిన గ్రానైట్ ముక్క మా పెరట్లో తులసి కోట పక్కన పడుంది, అది కడిగి, కార్పెంటర్ దగ్గర అరచేతిలో పట్టేంత లామినేట్ శాంపిల్స్ రెండూ తీసుకుని మరుసటి రోజు వెళ్లాం. మీరెవరైనా వంటింటికి టైల్స్ కొనబోతుంటే ఈ ఒక్క పని తప్పకుండా చేయండి. బరువైనా సరే, ముక్క మోసుకెళ్లండి. ఫోటో సరిపోదు, ఫోన్ కెమెరా తెల్ల రంగుని ఒక్కో లైటు కింద ఒక్కోలా చూపిస్తుంది.

ఆ రోజు నాకు తెలిసింది ఏమిటంటే, తెలుపు ఒకటి కాదు. "తెల్లటిది చూపించండి" అంటే ఐదు టైల్స్ వరుసగా నిలబెట్టాడు, విడివిడిగా చూస్తే ఐదూ తెలుపే. మా గ్రానైట్ ముక్క కింద పెట్టి, ఐవరీ శాంపిల్ పైన పట్టుకుంటే అప్పుడు విడిపోయాయి. ఒకటి నీలం వైపు, ఒకటి బూడిద వైపు, ఒకటి గులాబీ వైపు, రెండు పసుపు వైపు మొగ్గుతున్నాయి. నీలం మొగ్గున్న తెలుపు పక్కన మా ఐవరీ షట్టర్ ముక్క పాతబడి మురికి పట్టినట్టు కనిపించింది, నిజంగా కొత్త శాంపిలే! అదే పసుపు మొగ్గున్న తెలుపు పక్కన పెడితే రెండూ ఒక ఇంటివే అనిపించాయి. గ్రానైట్‌లోని బంగారు చుక్కలు కూడా దాని పక్కనే బాగా పైకి కనిపించాయి. బండలో బంగారు, గోధుమ ఛాయలుంటే క్రీము వైపు వెళ్లాలి, బూడిద, వెండి ఛాయలుంటే చల్లటి తెలుపు వైపు వెళ్లాలి. మా ఆయన అప్పటిదాకా "తెలుపంటే తెలుపే, ఏదో ఒకటి తీసుకుందాం పా" అంటున్నవాడు, ఆ ఐదింటినీ చూశాక ఆయనే కింద కూర్చుని ముక్కలు అటూ ఇటూ మార్చి చూడటం మొదలుపెట్టాడు.

అక్కడితో తేల్చేయకుండా రెండు టైల్స్ ఇంటికి తీసుకెళ్లి చూడమన్నారు. 200 రూపాయలు డిపాజిట్ కట్టించుకున్నారు, టైల్స్ తిరిగిచ్చాక డబ్బులు వెనక్కి ఇచ్చేశారు. ఇది ఈ షాపులో అన్నిటికన్నా గొప్ప సౌకర్యం. ఎందుకంటే షోరూమ్‌లో టైల్ మీదకి నేరుగా పడేలా లైట్లు పెడతారు, ఆ వెలుగులో ఏదైనా మెరుస్తుంది. ఇంట్లో పరిస్థితి వేరు. మనలో చాలామందికి వాస్తు ప్రకారం గట్టు తూర్పు గోడకే ఉంటుంది, కిటికీ కూడా అదే గోడకి. పొద్దున ఎండ ఆ కిటికీలోంచి వచ్చి ఎదురుగా ఉన్న పడమటి గోడ మీద పడుతుంది గానీ, కిటికీ ఉన్న గోడ మీద పడదు. వెలుతురు మన కళ్లలోకి కొడుతుంది, గట్టు వెనక గోడ మాత్రం నీడలో ఉంటుంది. అందుకని షాపులో చూసినదానికంటే టైల్ ఒక మెట్టు ముదురుగా కనిపిస్తుంది. మేం తెచ్చిన రెండింట్లో ఒకటి లేత గోధుమ రంగు, షాపులో నాకు అదే ముద్దొచ్చింది, ఇంట్లో స్టవ్ వెనక నిలబెడితే పొద్దున తొమ్మిదింటికి కూడా మట్టి రంగులా మసకబారింది. క్రీము తెలుపు మాత్రం నేను అనుకున్న గోధుమ ఛాయని తనే ఇచ్చింది. రెండు రోజులు అలాగే నిలబెట్టి, పొద్దున, మధ్యాహ్నం, రాత్రి ట్యూబ్‌లైటు కింద చూశాం. టైల్‌ని పడుకోబెట్టి చూడకూడదు, గోడకి ఎలా ఉంటుందో అలా నిలబెట్టే చూడాలి, పడుకోబెడితే సీలింగ్ వెలుతురు పడి తెల్లగా కనిపిస్తుంది.

రాత్రి చూసినప్పుడు ఇంకో సంగతి బయటపడింది. మా వంటింట్లో ఉన్నది 6500కె ట్యూబ్ (కె అంటే కెల్విన్, వెలుతురు రంగుని చెప్పే కొలత), ఆ నీలి తెలుపు వెలుతురులో క్రీము పాలిపోయినట్టుంది. తర్వాత కప్‌బోర్డుల కింద 4000కె ఎల్‌ఈడీ పట్టీ వేయించుకున్నాం, ఇప్పుడు టైలూ బాగుంది, కూరగాయలు తరిగేటప్పుడు చేతి నీడ కూడా పడటం లేదు. బల్బు పెట్టె మీదే ఈ అంకె రాసుంటుంది, చూసుకోండి.

ఇక మెరిసేదా, మెరుపు లేని మాట్ రకమా అన్న దగ్గర మేం చాలా గింజుకున్నాం. మాట్ చూడటానికి హుందాగా ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ మా ఇంట్లో చిమ్నీ లేదు, ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఒక్కటే. ఆదివారం నాటుకోడి పులుసు, మామూలు రోజుల్లో పులగూర, ఊరుబిండికి ఎండుమిరపకాయలు వేయించడం, ఎటు చూసినా నూనె ఆవిరే. గరుకుగా ఉండే మాట్ టైల్‌లో ఆ జిడ్డు కూర్చుంటుంది, తుడిస్తే పాముకుంటుంది. అందుకని మెరిసేదే తీసుకున్నాం. అలాగని మెరిసే ప్రతి టైలూ మంచిదని కాదు. చిత్తూరు గ్రీమ్స్‌పేటలో మా అక్క వాళ్లు తెల్ల క్వార్ట్జ్ గట్టు వెనక నల్లటి మెరిసే టైల్స్ వేయించారు, ఫోటోలో అద్భుతంగా ఉంటుంది. అక్కడ బోరు నీళ్లు. సింకు వెనక ఒక్క చుక్క పడి ఆరినా తెల్లటి ఉప్పు మచ్చ పడుతుంది. అక్క గిన్నెలు కడిగిన ప్రతిసారీ పొడిగుడ్డతో గోడ తుడుస్తుంది, లేకపోతే సాయంత్రానికి గోడంతా చుక్కలే. నీళ్లలో ఉప్పు ఎక్కువున్న ఇంట్లో ముదురు రంగు, మెరుపు రెండూ కలిసి వద్దు. లేత రంగు మీద ఆ మచ్చలు పడతాయి గానీ అంతగా కనపడవు.

వేరే దారులు కూడా చూశాం. గ్రానైట్‌నే గోడ మీదకి ఎక్కించడం ఒకటి, జాయింట్లు తక్కువ, శుభ్రం సులువు, కానీ నీడలో ఉన్న గోడకి నల్ల రాయి వేస్తే మా చిన్న వంటిల్లు గుహ అయిపోతుంది. వెనక రంగు వేసిన గాజు ఒకటి, చాలా అందంగా ఉంది, అయితే స్టవ్ వెనక పెట్టాలంటే టఫెన్డ్ గాజే వాడాలి, దాన్ని గట్టిపరిచాక కోయడం గానీ రంధ్రం చేయడం గానీ కుదరదు, కాబట్టి స్విచ్ బోర్డుల కొలతలన్నీ ముందే కచ్చితంగా ఇవ్వాలి. మాకు ఆ ధైర్యం లేకపోయింది. అసలు మార్బుల్ వద్దనే చెప్పాడు పెద్దాయన, చింతపండు పులుసు, నిమ్మరసం పడితే ఆ రాయి పాలిష్ చచ్చిపోతుంది, పసుపు లోపలికి పోతుంది. గ్రానైట్‌కి ఆ బాధ లేదు.

సైజు దగ్గర ముందు గట్టుకీ పై కప్‌బోర్డుకీ మధ్య దూరం కొలుచుకోవాలి. మాకు 24 అంగుళాలు. 12 బై 24 సైజు టైల్ అడ్డంగా వేస్తే రెండు వరుసలతో సరిపోతుంది, కోత ఉండదు. 12 బై 18 టైల్‌ని నిలువుగా పెడితే పైన 6 అంగుళాల ముక్క వేయాల్సి వచ్చేది, ఆ గీత జీవితాంతం కంటికి ఎదురుగా ఉంటుంది. నిజానికి 12 అంగుళాలని మనం అంటాం గానీ టైల్ 300 మిల్లీమీటర్లే, అంటే కాస్త తక్కువ, ఆ మిగిలిన సందు కప్‌బోర్డు అడుగున వచ్చేలా చేయమని మేస్త్రీకి ముందే చెప్పండి. 15 అడుగుల పొడవు, 2 అడుగుల ఎత్తు, 30 చదరపుటడుగులు. కిటికీ దగ్గర తగ్గింది స్టవ్ పైన ఎక్కించిన ఇంకో వరుసకి సరిపోయింది. కోతకి పదో వంతు కలుపుకుని పెట్టెకి 5 చొప్పున 4 పెట్టెలు తీసుకున్నాం. చదరపుటడుగు 62 రూపాయలు పడింది.

కౌంటర్ దగ్గరున్న కుర్రాడు విట్రిఫైడ్ తీసుకోండి, గట్టిది అని ఒకటికి రెండుసార్లు అన్నాడు, రేటు దాదాపు రెట్టింపు. గోడ మీద ఎవరూ నడవరు కదా. విట్రిఫైడ్ నీళ్లు దాదాపు పీల్చదు, నేలకి అది మంచిదే, గోడకి వేస్తే ఆ గుణం వల్లే సిమెంటు సరిగా పట్టదు, అడెసివ్, అంటే టైల్స్ జిగురు, తప్పనిసరి. మామూలు సిరామిక్ వాల్ టైల్ వెనక భాగం నీళ్లు పీల్చుకుంటుంది కాబట్టి నానబెట్టి సిమెంటుతో వేసినా పట్టుకుంటుంది, ముందువైపు గాజులాంటి గ్లేజు పూత ఉంటుంది గనక వాడకంలో తేడా లేదు. ఈ విషయంలో కుర్రాడి మాట వినకుండా మళ్లీ పెద్దాయన్నే అడిగాం, సిరామిక్ చాలన్నాడు.

ఇప్పుడు ఆ పొరపాటు. టైల్ పెట్టె మీద బ్యాచ్ నంబరు, షేడ్ నంబరు ఉంటాయి. ఒకే డిజైనైనా బట్టీ మారితే రంగు కొంచెం మారుతుంది. మాకు వచ్చిన 4 పెట్టెల్లో మూడు ఒక షేడ్, నాలుగోది వేరే. దించుకున్నప్పుడు నేనూ చూసుకోలేదు, వాళ్లూ చూడలేదు. మేస్త్రీ దక్షిణం గోడ పూర్తి చేసి, తూర్పు గోడ సగం దాటాక నాలుగో పెట్టె విప్పి, "అక్కా, ఇది చూడు, వేరేగా ఉంది" అని ఆపేశాడు. ఆయన ఆపకపోయుంటే స్టవ్ వెనకే రెండు రంగులు పడేవి. షాపుకి ఫోన్ చేస్తే తప్పు ఒప్పుకున్నారు, వాదించలేదు, కానీ అదే షేడ్ పెట్టె రావడానికి మూడు రోజులు పట్టింది. పాత పెట్టె తీసుకెళ్లి కొత్తది తెచ్చుకోవడానికి ఆటో మేమే పెట్టుకున్నాం, మేస్త్రీకి ఒక రోజు కూలీ ఊరికే పోయింది. ఆటో డబ్బులైనా వాళ్లే ఇచ్చుండాల్సింది, అడిగితే నవ్వి ఊరుకున్నారు. అది నాకు ఇప్పటికీ బాధగానే ఉంది. రంగు గురించి అంత ఓపికగా చెప్పిన షాపు, గోడౌన్‌లో పెట్టె మీద అంకె చూసి పంపలేదా? మీరు మాత్రం బండి దగ్గరే నిలబడి అన్ని పెట్టెల మీది అంకెలూ సరిపోయాయా లేదా చూసుకునే సంతకం పెట్టండి.

జాయింట్ల గురించి చెప్పకపోతే ఇదంతా రాసి లాభం లేదు. మా పాత గోడకి 8 బై 12 తెల్ల టైల్స్ ఉండేవి, టైల్స్ చివరిదాకా బాగానే ఉన్నాయి, పాడైంది జాయింట్లే. తెల్ల సిమెంటు పసుపునీ నూనెనీ పీల్చుకుని నల్లబడింది, యాసిడ్ పోసి కడిగితే మురికితోపాటు సిమెంటు కూడా కొట్టుకుపోయింది. ఈసారి సందుల్లో ఎపాక్సీ గ్రౌట్ (టైల్స్ మధ్య నింపే, గట్టిపడే రసాయనం) వేయించాం. విడివిడిగా వస్తుంది, కలిపిన కొద్దిసేపట్లోనే వాడేయాలి, గట్టిపడితే నీళ్లు, నూనె దేన్నీ లోపలికి రానివ్వదు. సిమెంటు గ్రౌట్‌కంటే ఖరీదు చాలా ఎక్కువ, కానీ 30 చదరపుటడుగుల గోడకి, 2 మిల్లీమీటర్ల సందుకి ఒక కిలో తెస్తే ఇంకా మిగిలిపోయింది. ఒకటే జాగ్రత్త, టైల్ మీద పడిన పల్చటి పొరని ఆరకముందే స్పాంజితో తుడవాలి. మా మేస్త్రీ సింకు మూల తుడవడం మర్చిపోయాడు, అక్కడ ఇప్పటికీ మసకగా ఒక మచ్చ ఉంది, చేయి పెడితే తగులుతుంది. జాయింట్ రంగు కూడా టైల్‌తో ఇంచుమించు కలిసేదే తీసుకున్నాం, ముదురు రంగు వేస్తే గోడంతా గళ్లు గళ్లుగా కనిపించి బండ చుక్కలతో పోటీ పడుతుంది.

ఏడాది తర్వాత: స్టవ్ వెనక టైల్ మీద ఒక్క మరక లేదు. రాత్రి వంట అయ్యాక గిన్నెల సబ్బు కలిపిన గోరువెచ్చటి నీళ్లలో గుడ్డ ముంచి తుడుస్తాం, అంతే. జాయింట్లు పసుపెక్కలేదు. సింకు దగ్గర ఉప్పు మచ్చలు పడితే నెలకోసారి నిమ్మచెక్కతో రుద్ది కడిగేస్తాను. ఒక టైల్ అంచు స్విచ్ బోర్డు దగ్గర కోసేటప్పుడు చిట్లింది, ప్లేటు కింద దాగిపోయింది. పొద్దున కాఫీ పెట్టుకునేటప్పుడు నల్ల బండలో చుక్కలు, దాని వెనక వెన్న రంగు గోడ, కింద టేకు రంగు చూస్తుంటే మూడు రోజులు ఆగినందుకు, రెండు ఆదివారాలు తిరిగినందుకు నాకేమీ విచారం లేదు. మా అత్త పండ్ల బుట్ట సంగతి మళ్లీ ఎత్తలేదు గానీ, కిటికీ గూట్లో ఆమె కోసం నిమ్మకాయలు, అరటిపండ్లు ఒక పళ్లెంలో పెట్టి ఉంచుతున్నాను, ఆ గోడ ముందు అవి ఎంతో బాగుంటాయి.

షాపుకి నేనిచ్చేది 5కి 4. సలహాకీ, ఇంటికి శాంపిల్ ఇచ్చినందుకూ పూర్తి మార్కులు, పెట్టెలు కలిపేసి ఆటో ఖర్చు మా నెత్తిన వేసినందుకు ఒకటి తగ్గించాను. సాయంత్రం రేణిగుంట రోడ్డులో బండి ఆపుకోవడం కష్టం, పొద్దున పదిన్నర లోపు వెళ్తే పెద్దాయన ఖాళీగా దొరుకుతాడు, ఆయన్నే అడగండి. మిగిలిన రెండు టైల్స్‌ని పెట్టె మీది షేడ్ నంబరు ముక్క చించి అంటించి, అటక మీద దాచాను.